మందగామికి మార్గమేది?

మూడు వైపుల ఆంధ్రదేశముచే పరివృతమై, కర్ణాటకమున నుండియు ఇంటింట తెలుగు వినవచ్చు మా పావగడలో మందగమనమునకు జరుగు పూజ మఱెక్కడను జరుగదు; శనైశ్చరుడనగా మెల్లగా నడచువాడని గదా అర్థము, ఆయన దర్శనార్థమై శనివారమున జనులు పోటెత్తుదురు. ఆయనకు మ్రొక్కి వెలుపలికి వచ్చి, ఆయనవలెనే మెల్లగా నడవబూనిన భక్తునకు మాత్రము బస్సునకును బైకునకును నడుమ జానెడు చోటైనను దొరకదు. (స్వామి వాహనము కాకి, ఆకాశమున సంచరించును గావున ఆయనకీ బాధ లేదు.)

సైకిలు తొక్కువాడును మందగామియే గదా; కర్ణాటక సర్కారువారు 2006-07లో ఎనిమిదవ తరగతి పిల్లలకు సైకిళ్లు పంచనారంభించిరి. సైకిలిచ్చిన చేతితోనే అది పోవుటకొక బాట నీయవలెనని ఎవ్వరికిని తోచినట్లు లేదు. హైదరాబాదువారికి తోచినది. 2023 అక్టోబరు 1న ఔటరు రింగు రోడ్డు ప్రక్క 23 కిలోమీటర్ల సైకిలు బాట తెఱచి, దానిపై 16 మెగావాట్ల సౌరఫలకములను పందిరివలె కప్పిరి; అయితే అది నడిబజారున గాక నగరపు పొలిమేరన నుండుటచే, సైకిలును కారునకు కట్టి తీసికొనిపోయి, అచ్చట తొక్కి, మరల కారెక్కి యింటికి వచ్చు రసికులును గలరు.

మాకు తిరుమణి గ్రామము చుట్టుప్రక్కల 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల ఫలకములున్నవి. పందిరికి కొదవ లేదు, అధికారులారా. దాని క్రింద వేయుటకు బజారులో రెండు బారల బాట దయచేయుడు.