ఏమనదు సార్, రండి

పెంపుడు కుక్కకు శిక్షణ పూర్తయిందని హనుమకొండలో ప్రకటించే వాక్యం ఒకటే: ‘ఏమనదు సార్, రండి.’ నక్కలగుట్ట అపార్ట్‌మెంట్ల లిఫ్టుల్లో, బాలసముద్రం, కాకాజీ కాలనీ గేట్ల దగ్గర ఇది రోజూ వినిపిస్తుంది. గేటుకు ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అన్న రేకు బోర్డు ఉంటుంది. గేటు లోపల ఆ బోర్డు మాటను కొట్టిపారేసే యజమాని ఉంటాడు. ఊచల మీద ముందుకాళ్లు పెట్టి తన అభిప్రాయం తాను చెప్పే కుక్కా ఉంటుంది. వచ్చినవాళ్లు ఈ ముగ్గురిలో ఎవరిని నమ్మాలో అక్కడికక్కడే తేల్చుకోవాలి. తెలివైనవాళ్లు కుక్కనే నమ్ముతారు.

ఈ వాక్యానికి చట్టంలో చోటు లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి 6 నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ‘ఇంతవరకు ఎవర్నీ కరవలేదు’ అన్న సమాధానం కూడా పెద్దగా పనికిరాదు. మొదటిసారి కరిచేదాకా ప్రతి కుక్కా ఎవర్నీ కరవని కుక్కే. కరిచాక ‘దానికి టీకాలన్నీ వేయించాం’ అని ధైర్యం చెప్పే వంతు యజమానిది. పంటిగాటును సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడుక్కుని ఎంజీఎం ఆస్పత్రికి వెళ్లే వంతు వచ్చినవాడిది.

శిక్షణ చెడిపోవడం కుక్కపిల్లను ఎంచుకోవడంతోనే మొదలవుతుంది. 2003లో హచ్ ఫోన్ల ప్రకటనలో ఒక పిల్లవాడి వెంట పగ్ కుక్క నడిచింది. ఆ తర్వాత దేశమంతా ముక్కు అణిగిన ఆ జాతికి గిరాకీ పెరిగింది. ఊపిరి తీసుకోవడమే కష్టమైన కుక్కను ఎండాకాలం మధ్యలో బంతి తెమ్మని పరిగెత్తించే ఇళ్లూ పెరిగాయి. తర్వాత వచ్చిన మోజు హస్కీ. కుక్క ఒంటికి చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి చల్లదనం. మే నెలలో 43, 44 డిగ్రీలు కాసే ఊళ్లో సైబీరియా బొచ్చు కుక్క పెరగాలంటే ఏసీ గదిలోనే పెరగాలి. మంచు మీద బండ్లు లాగడానికి తరాల తరబడి పెంచుకున్న జాతిని ఏరి కోరి కొనడం, ఆపైన ‘వాకింగ్‌లో తాడు లాగుతుంది’ అని ఫిర్యాదు చేయడం ఒకే ఇంట్లో జరుగుతాయి.

కుక్కపిల్ల లోకానికి అలవాటు పడే వయసు చాలా చిన్నది. సుమారు 3 వారాల నుంచి 12, 14 వారాల దాకా అది దేన్ని చూస్తే, దేన్ని వాసన చూస్తే దానికి జడవకుండా పెరుగుతుందని స్కాట్, ఫుల్లర్ అనే అమెరికన్ పరిశోధకులు 1965 నాటి తమ పుస్తకంలో వివరించారు. హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గొడుగు, చేతికర్ర పట్టుకున్న ముసలాయన, స్కూలు పిల్లల గుంపు, ఆటో, బరాత్ డీజే ఆ కొద్ది వారాల్లోనే పరిచయం కావాలి. కాలనీ సిద్ధాంతం దీనికి సరిగ్గా వ్యతిరేకం: ‘అందరికీ మచ్చికైతే కాపలా కాయదు.’ అందుకని పిల్లను మేడ మీద కట్టేస్తారు, పరాయివాళ్లను ముట్టుకోనివ్వరు. అలా పరాయివాడంటే భయమో కోపమో తప్ప ఇంకేమీ తెలియకుండా పెంచిన కుక్క గురించే, ఏడాది తిరిగేసరికి, ఆ పరాయివాడితో ‘ఏమనదు’ అంటారు.

ఇక పాఠాలు. మొదటి పాఠం ఎక్కువ ఇళ్లలో ‘షేక్ హ్యాండ్’, చివరి పాఠం కూడా అదే. చుట్టాలు వస్తే కుక్క చెయ్యి ఇస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు, ఆ మరుక్షణం అది సోఫా ఎక్కి వాళ్ల చెవులు నాకుతుంది. కూర్చోబెట్టే పాఠానికి ఇంట్లో ఏకాభిప్రాయం ఉండదు. నాన్న ‘సిట్’ అంటాడు, తాత ‘కూసో’ అంటాడు, అమ్మ ‘కూర్చో కన్నా’ అని బతిమాలుతుంది, కొడుకు ఫోన్‌లో వీడియో తీస్తూ ఇంకో మూడు మాటలంటాడు. నలుగురూ ఒక మాట మీదికి రాకుండా, కుక్కకే బుద్ధి తక్కువని తీర్మానిస్తారు. అదే కుక్క అన్నం వేళ కాగానే నానమ్మ కుర్చీ పక్కన చేరి కదలకుండా కూర్చుంటుంది. ఆమె రోజూ అదే వేళకు, అదే చేత్తో, ఎవరూ చూడకుండా పెరుగన్నం ముద్ద జారవిడుస్తుంది గనుక. ఆ ఇంట్లో క్రమం తప్పకుండా సాగుతున్న శిక్షణ అదొక్కటే, అందుకే అదొక్కటే ఫలించింది. కుక్కకు నేర్చుకోవడం రాదన్న వాదన భోజనాల బల్ల దగ్గర రోజుకు రెండుసార్లు వీగిపోతుంది.

గేటు దగ్గర మొరగడం కూడా ఇలా నేర్చుకున్న విద్యే. గ్యాసు సిలిండరు కుర్రవాడు వస్తాడు, కుక్క మొరుగుతుంది, అతను సిలిండరు దించి వెళ్లిపోతాడు. పాలవాడూ అంతే, కొరియర్ వాడూ అంతే. వాళ్లు పని అయిపోయి వెళ్లారని కుక్కకు ఎవరు చెప్పాలి? దాని లెక్కలో రోజుకు నలుగురు శత్రువులను ఒంటరిగా తరిమికొట్టింది, ఒక్కసారీ ఓడిపోలేదు. లోపలినుంచి యజమాని ‘ఏయ్, ఊకో!’ అని అరుస్తాడు. అది కుక్క చెవికి మద్దతుగానే వినిపిస్తుంది.

నేల మీద మూత్రం పోసే కుక్కకు ఊళ్లో ఆమోదం పొందిన వైద్యం ముక్కు పట్టుకుని ఆ తడిలో రుద్దడం. ఉదయం చేసిన పనికి సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి శిక్ష వేస్తే, కుక్క ఆ శిక్షను యజమాని రాకతో ముడిపెట్టుకుంటుంది గాని ఉదయం పనితో కాదు. ‘తప్పు చేసిందని దానికి తెలుసండీ, మొహం చూడండి’ అన్న వాదనను 2009లో కుక్కల ప్రవర్తన పరిశోధకురాలు అలెగ్జాండ్రా హొరోవిట్జ్ పరీక్షకు పెట్టింది. కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానితో ఆ మొహానికి సంబంధం లేదని, యజమాని తిడితే చాలు, ఏ తప్పూ చేయని కుక్క కూడా అదే మొహం పెడుతుందని తేలింది. ఈ సంగతి తెలుగువాళ్లకు అంత కొత్తేం కాదు. నన్నయ భారతం ఆదిపర్వంలో జనమేజయుడి తమ్ములు యజ్ఞశాల దగ్గర ఏ తప్పూ చేయని కుక్కపిల్లను కొడతారు. దాని తల్లి సరమ రాజు దగ్గరికే వచ్చి నిలదీసి వెళుతుంది, రాజు ఆ మాటలకు భయపడతాడు. కాలనీల్లో నిలదీసే సరమలు లేరు, కాబట్టి భయపడేవాళ్లూ లేరు.

బెల్టు తీయడానికి శాస్త్రం తోడు కావాలనుకునేవాళ్లకు ‘లీడర్’ సిద్ధాంతం దొరికింది. కుక్క తోడేలు సంతతి, తోడేళ్ల మందలో బలవంతుడే నాయకుడు, కనుక ఇంట్లో ఎవరు నాయకుడో కుక్కకు చూపించాలి అన్నది దీని సారాంశం. దీని మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బాజెల్ జూలో తోడేళ్లను చూసి రాసిన వ్యాసం. బోనులో బందీలుగా ఉన్న తోడేళ్లవి. 1970లో తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ రాసిన పుస్తకంతో ఆ సిద్ధాంతం లోకమంతా పాకింది. తర్వాత అదే మెక్ ఉత్తర ధ్రువానికి దగ్గర్లోని ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించి, మంద అంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని 1999లో రాశాడు. తన పాత పుస్తకాన్ని ఇక అచ్చువేయవద్దని ప్రచురణకర్తను కోరాడు కూడా. ఆ పుస్తకం పేరు వినని నాయకులే హనుమకొండలో ఆ సిద్ధాంతాన్ని ఇంకా బతికిస్తున్నారు. ఇంట్లో ఎవరూ మాట వినని మనిషికి తన మాట వినే ప్రాణి ఒక్కటైనా కావాలనిపించడం సహజం. కుక్కను అందుకు ఎంచుకోవడమే అన్యాయం.

కొట్టడం ఇష్టంలేని ఇళ్లు ఫీజు కట్టి కుక్కను నెలకో రెండు నెలలకో శిక్షణ కేంద్రంలో వదిలివస్తాయి. నయీంనగర్ హాస్టల్లో పిల్లవాణ్ని వేసి ర్యాంకు కోసం ఎదురుచూసిన అనుభవం ఉన్న ఊరికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. కుక్క తిరిగొచ్చేటప్పుడు శిక్షకుడి ముందు కూర్చుంటుంది, పడుకుంటుంది, పక్కన నడుస్తుంది. అతను బండి ఎక్కి వెళ్లగానే పాత కుక్క తిరిగొస్తుంది. పోలీసులు ఈ పొరపాటు చేయరు. మొయినాబాద్‌లోని శిక్షణ అకాడమీలో జాగిలంతో పాటు దాని హ్యాండ్లర్‌కూ నెలల తరబడి కలిపే శిక్షణ ఉంటుంది. ఆ తర్వాత ఇద్దరూ జోడీగానే డ్యూటీకి వెళతారు. పేలుడు పదార్థాలు పసిగట్టే కుక్కకే మనిషి తోడు చదువుకోవాల్సి వస్తే, చెప్పులు కొరకకుండా ఉండాల్సిన కుక్కను ఒక్కదాన్నే బడికి పంపడం విడ్డూరం.

పిలిస్తే రావడం అన్నిటికన్నా పనికొచ్చే పాఠం, అన్నిటికన్నా ఎక్కువ చెడగొట్టేదీ అదే. వడ్డేపల్లి చెరువు కట్ట మీద తాడు తప్పించుకున్న కుక్క పావుగంట తిరిగి, ఇరవైసార్లు పేరు పెట్టి పిలిచాక, ఎట్టకేలకు వస్తుంది. వచ్చిన వెంటనే రెండు దెబ్బలు పడతాయి. పారిపోవడం గురించి అది ఏమీ నేర్చుకోలేదు. దగ్గరికి వస్తే దెబ్బలు పడతాయని మాత్రం నేర్చుకుంది. మరుసటి రోజు ఇంకో పావుగంట ఆలస్యంగా వస్తుంది.

పాఠం చెప్పే పద్ధతి కష్టమేమీ కాదు. కావలసిన పని చేసిన క్షణంలోనే చిన్న తిండి ముక్క కుక్క నోటికి అందాలి, ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి, పాఠం అయిదు నిమిషాలు దాటకూడదు. ఇందులో ఆనందం నిజంగానే ఉంది. చపాతీ ముక్క కోసం కూర్చున్న కుక్క ఒకనాడు ముక్క లేకుండానే కూర్చుని మొహంలోకి చూస్తుంది. గేటు బార్లా తెరిచి ఉన్నా గడప దాటకుండా, వెళ్లమన్న మాట కోసం ఆగుతుంది. పిల్లిని తరుముతూ సగం వీధి దాటినది పిలుపు వినగానే గిరుక్కున తిరిగి వస్తుంది. ఆ ఒక్క మలుపు చూసిన కుటుంబం తర్వాత వారం రోజులు ఎవరు దొరికితే వాళ్లకు ఆ కథే చెబుతుంది, వినేవాళ్లు భరించాలి. మామునూరు పశువైద్య కళాశాలలో సూది వేస్తుంటే నలుగురు కలిసి అదిమిపట్టాల్సిన పని లేకుండా పంజా తానే అందించే కుక్క వెనక కొన్ని నెలల ఇలాంటి అయిదు నిమిషాలు ఉంటాయి. షేక్ హ్యాండ్ పాఠం అసలు పనికొచ్చేది అక్కడే.

ఎండాకాలంలో ఈ పాఠాలు తెల్లవారి ఆరున్నర లోపు గానీ, రాత్రి నేల చల్లబడ్డాక గానీ సాగాలి. మధ్యాహ్నం తారు రోడ్డుకు కుక్క అరికాళ్లు కాలిపోతాయి. బయలుదేరే ముందు యజమాని తన అరచేతి వెనకవైపును రోడ్డు మీద ఏడు సెకన్లు ఆన్చి చూడాలి. అందుకు ఆయన ఒప్పుకోకపోతే ఆ పూటకు వాకింగ్ లేనట్టే.