కారుకో అద్దెకొంప

టులెట్ బోర్డు కనబడితే అందరూ తలెత్తి ఎన్నో అంతస్తో చూస్తారు. మా బావ వంగి సెల్లార్‌లోకి చూస్తాడు. హైదరాబాద్‌లో ఈ జాతి ఈమధ్య బాగా పెరిగింది. వీళ్లు ఇల్లు వెతికేది కారు కోసం. పెళ్లాం బిడ్డలు దాంతోపాటు వచ్చే సామాను.

బావది ఇన్నోవా క్రిస్టా. పొడవు 4,735 మిల్లీమీటర్లు, వెడల్పు 1,830. పిల్లల పుట్టినరోజులు అక్కనడిగి చెప్తాడు గానీ ఈ అంకెలు నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. నాలుగు మీటర్లు దాటని చిన్న కార్లకి 2006లోనే కేంద్రం పన్ను తగ్గించింది, అలాంటిదేదో చూసుకోమని మేం మొత్తుకున్నాం. వింటేనా!

మధురానగర్‌లో ఒక ఫ్లాట్ చూడ్డానికి నన్నూ లాక్కెళ్లాడు. అక్క లిఫ్టెక్కి పైకి పోయింది. బావ జేబులోంచి టేపు తీసి, ఒక కొస నా చేతికిచ్చి, స్తంభం దగ్గర గొంతుక్కూచున్నాడు. మోకాలెత్తున ఒక ఎర్ర గీకుడు, దానిమీద ఒక తెల్లది. శాసనం చదివే పండితుడిలా వేలితో తడిమి, "ఎర్రది చిన్న బండే, రివర్సులో తగిలింది. తెల్లది తిప్పుతూ రాసుకుంది, కొత్త డ్రైవరు" అని తేల్చాడు. తర్వాత పైకి చూశాడు. సరిగ్గా బానెట్ ఉండే చోట బాత్రూమ్ పైపు. దాని జాయింటు దగ్గర ఒక చుక్క పడనా మాననా అంటోంది. అది పడేదాకా కదల్లేదు మహానుభావుడు.

ఇంతలో ఓనరుగారు దిగొచ్చి, "వెజ్జా, నాన్‌వెజ్జా?" అనడిగారు.

"డీజిలండీ" అన్నాడు బావ, పైపు మీంచి చూపు తిప్పకుండా.

పూర్తిగా అతన్నే అనడానికీ లేదు. మన అపార్ట్‌మెంట్లలో స్తంభాలు లేచేది పైన గదుల లెక్కనిబట్టి. కార్ల సంగతి స్తంభాలు లేచాక గుర్తొస్తుంది, మిగిలిన సందుల్లో పసుపు గీతలు గీస్తారు. ముందూ వెనకా రెండు బళ్లు పెట్టే చోటైతే పొద్దున్నే ముందు బండాయన్ని లేపాలి. ఆయనేమో స్నానంలో ఉంటాడు. ఇక అద్దెకొచ్చినవాడికి ఇచ్చే చోట వాచ్‌మన్ మంచం, ఇస్త్రీ బల్ల, అమెరికా వెళ్లినవాళ్లెవరో వదిలేసిన స్కూటరు ముందే కాపురముంటాయి.

ఒకచోట పార్కింగ్‌కి వేరే అద్దె అన్నారు. "స్టిల్ట్ పార్కింగ్ బిల్డరు విడిగా అమ్ముకునే సొత్తు కాదని 2010లో సుప్రీంకోర్టే చెప్పింది!" అని బావ అసోసియేషన్ సెక్రటరీ మీదికెళ్లాడు.

"అయితే బండి అక్కడే పెట్టుకోండి సార్" అన్నాడాయన.

చివరికి మణికొండలో దొరికింది. వంటింట్లో ఫ్రిజ్ తలుపు తీస్తే మనిషి బయటికి రావాలి. మంజీరా నీళ్లు రావు, ట్యాంకరే దిక్కు. పార్కింగ్ మాత్రం మూలన, పైన పైపుల్లేకుండా, దివ్యంగా ఉంది. అంత మంచి చోటు ఎవరైనా కాజేస్తారని బావ బండి బయటికే తియ్యడు. షేర్ ఆటోలో రాయదుర్గం వెళ్లి మెట్రో ఎక్కుతాడు. ఆదివారం మాత్రం కిందికి దిగి, కవరు తీసి, తుడిచి, స్టార్టు చేసి, ఏసీలో కూర్చుని పేపరు చదువుకుని, ఆపేసి పైకొస్తాడు.

దసరాకి వస్తున్నామని మొన్న ఫోన్ చేశాను. ఎంతమంది, ఎన్నాళ్లు అని అడగలేదు.

"దేంట్లో వస్తున్నార్రా?"

"కార్లోనే బావా."

"ఎందుకురా శ్రమ! బస్సులు హాయిగా ఉన్నాయి కదా."