రింగుల జుట్టును దారికి తెచ్చుట ఎట్లు?

ఒకటి. ముందుగా మీ జుట్టు బాగానే ఉందన్న భ్రమ వదిలించుకోవాలి. దీనికి ఖర్చేమీ లేదు, ఏదైనా పెళ్లికి వెళ్తే చాలు. తలంటుకుని, దువ్వుకుని, మూరెడు మల్లెపూలు పెట్టుకుని వెళ్లినా సరే, వరసకు పిన్ని అయ్యే ఒకావిడ దగ్గరికొస్తుంది. మీ చెవి పక్కన లేచిన వెంట్రుకల్ని అరచేత్తో అదిమి, "ఏమ్మా, దువ్వుకోడానికి టైం దొరకలేదా?" అంటుంది. చెయ్యి తియ్యగానే అవి మళ్లీ లేస్తాయి. ఆవిడ మళ్లీ అదుముతుంది. ఇంకోసారి అదిమేలోపు మీరే పార్లర్ నంబర్ అడుగుతారు.

ఇంటికొచ్చాక దేవుడి గదిలోకి మాత్రం చూడకండి. రవివర్మ లక్ష్మీదేవి అలలు తిరిగిన జుట్టు విరబోసుకుని తామరపువ్వులో నిలబడి ఉంటుంది. మనసు మారే ప్రమాదముంది.

రెండు. పేరు ఎంచుకోండి. స్మూతెనింగ్, రీబాండింగ్, కెరటిన్, బొటాక్స్, నానోప్లాస్టియా. తేడా ఏంటని అడిగితే, "ఇది ఇంకా అడ్వాన్స్‌డ్ మేడమ్" అంటారు. స్థూలంగా ఉన్నవి రెండు పద్ధతులే. ఒకదాంట్లో మందు రాసి, వెంట్రుక లోపలి గంధకపు బంధాల్ని తెంచి, ఇస్త్రీ చేసి, మళ్లీ తిన్నగా అతికిస్తారు. రెండోదాంట్లో పైపూత పూసి వేడితో పట్టిస్తారు, కొన్ని నెలల్లో అది షాంపూతో పాటు పోతుంది. బొటాక్స్‌లో బొటాక్స్ ఉండదు. ఇక కెరటిన్ అంటారా, వెంట్రుక తయారైందే దానితో.

మూడు. ధర గురించి ముందే బెంగపడొద్దు. గోడ మీద "4,999 నుంచి" అని ఉంటుంది. ఆ "నుంచి" ఎందాకానో కుర్చీలో కూర్చున్నాకే తెలుస్తుంది. మీ జుట్టు భుజాల దగ్గరే ఆగిందని మీరనుకుంటారు. ఆ అమ్మాయి ఒక రింగు పట్టుకుని కిందికి లాగుతుంది. అది సాగి సాగి వీపు సగానికి వస్తుంది. బిల్లు లాగిన పొడవుకే.

నాలుగు. కళ్లు మండితే మందు పనిచేస్తోందని సంతోషించండి. ఇంటర్లో బైపీసీ చదివినవాళ్లు ఆ వాసన ఇట్టే పోల్చుకుంటారు. జువాలజీ ల్యాబ్‌లో పాముని నిలవుంచిన సీసాది అది. ఆ ఫార్మలిన్‌లో ఉండేది ఫార్మాల్డిహైడ్. "మాది ఫార్మాల్డిహైడ్ ఫ్రీ" అంటే మారు మాట్లాడకుండా నమ్మండి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 2010లో అధికారులు అలా రాసి ఉన్న సీసాల్నే పరీక్షిస్తే, సగటున 8 శాతం పైనే తేలింది. నీళ్లలో ఉన్నంతసేపూ అది మిథిలీన్ గ్లైకాల్ అనే మారుపేరుతో కూర్చుంటుంది. 200 డిగ్రీలు దాటిన ఇస్త్రీ తగలగానే అసలు రూపంలో పొగై లేస్తుంది. మనం పీల్చేది ఏడాదికి రెండు మూడు సార్లు. మన వెనక నిలబడి, పాయ పాయా విడదీసి ఇస్త్రీ పెట్టే అమ్మాయి మాత్రం రోజూ పీలుస్తుంది. మాస్క్ గడ్డం కింద ఉంటుంది. "అలవాటైపోయింది మేడమ్" అంటుంది. ఈ ఒక్క విషయంలో నాకు వెటకారం రావట్లేదు.

ఇప్పుడు చాలాచోట్ల ఫార్మాల్డిహైడ్ బదులు గ్లయాక్సిలిక్ యాసిడ్ వచ్చింది. 26 ఏళ్ల ఒక యువతి సెలూన్‌కి వెళ్లిన ప్రతిసారీ, అంటే 2020లో, 2021లో, 2022లో, కిడ్నీలు దెబ్బతిన్నాయని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ 2024లో రాసింది. మూడోసారి ఎందుకెళ్లిందని డాక్టర్లకు అనుమానం రావచ్చు. మనకు రాదు.

ఐదు. ఆ తర్వాతి మూడు రోజులు. అసలు పరీక్ష ఇదే. తల తడపకూడదు, జడ వెయ్యకూడదు, క్లిప్పు పెట్టకూడదు, హెల్మెట్ వద్దు, చెమట పట్టకూడదు. చెవి వెనక్కి నెట్టుకున్నా ఆ వంపు అలాగే ఉండిపోతుందని బెదిరించి పంపుతారు. కాబట్టి వెల్లకిలా, కదలకుండా పడుకోండి. వంటింటి ఛాయలకు పోకండి. డిస్కౌంట్లేమో సరిగ్గా ఆషాఢంలో పెడతారు. ఆషాఢమంటే ఆకాశం ఎప్పుడు కురుస్తుందో తెలియని నెల.

వాననైనా గొడుగుతో ఆపొచ్చు. ఆపలేనివి వేరే ఉన్నాయి. శుక్రవారం తలంటుకోకపోతే అత్తగారు ఊరుకోరు. అంతకన్నా ముఖ్యం, ఆ మూడు రోజుల్లో బంధువులెవరూ పోకూడదు. చావింటికి వెళ్లొస్తే గుమ్మం బయటే తలమీంచి నీళ్లు పోసుకోవాల్సిందే, 4,999 నుంచి మొదలైన జుట్టని మైల వదిలిపెట్టదు. అందుకని అపాయింట్‌మెంట్‌కి ముందు చుట్టాల్లో పెద్దవాళ్లందరికీ వరసగా ఫోన్ చేసి ఆరోగ్యం కనుక్కోండి. "ఎంత ప్రేమే నీకు!" అని మురిసిపోతారు. బీపీ ఎంతుందో, షుగర్ ఎంతుందో కూడా అడగండి. ఎవరైనా ఐసీయూలో ఉంటే వచ్చే వారానికి మార్చుకోవడం క్షేమం. చదువుతుంటే నవ్వొస్తుంది కానీ, ఈ లెక్క వేసుకున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో ఒకరు రోజూ నా అద్దంలోనే కనిపిస్తారు.

ఆరు. అమ్మ కొబ్బరినూనె గిన్నె పట్టుకుని వస్తే, పారిపోండి.

ఏడు. వేర్లతో వాదించకండి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. వంకర ఉన్నది చర్మం లోపల, వెంట్రుక మొలిచే కుదుట్లో. మందు అందాకా వెళ్లదు. నాలుగు నెలలకల్లా పైన రింగులు, కింద పట్టు. అప్పుడు టచప్. ఆ తర్వాత మళ్లీ టచప్.

ఎనిమిది. ఒక్క దెబ్బకు చిక్కులన్నీ తీరాలంటే తిరుమల కల్యాణకట్ట ఉంది. రుసుము లేదు. అక్కడ కూడా మళ్లీ మొలిచేవి రింగులే.

తొమ్మిది. ఇన్ని చెప్పినా మీరు వెళ్తారు, నేనూ వెళ్తాను. మొదటి తలస్నానం తర్వాత దువ్వెన నడినెత్తిన పెడితే ఎక్కడా ఆగకుండా కిందికి జారిపోతుంది చూడండి, ఆ సుఖం అబద్ధం కాదు. ఆఫీసులో నలుగురూ "బాగున్నావే" అంటారు. మరి మొన్నటిదాకా ఎలా ఉన్నానని అడగాలనిపిస్తుంది. అడగం. నవ్వి థ్యాంక్స్ చెప్తాం.

పది. మీది సాఫయ్యాక చూపు ఇతరుల తలల మీదికి పోతుంది. పోనివ్వండి, సలహాలివ్వండి. మొన్న లిఫ్టులో మా అపార్ట్‌మెంట్ పిల్ల, తలనిండా బుట్టెడు రింగులతో, ఎదురుగా నిలబడింది. "ఎంత చక్కటి మొహమో! ఆ జుట్టొక్కటి కాస్త సరిచేయిస్తే..." అన్నాను. అది నన్ను పైనుంచి కిందిదాకా చూసి, చాలా మర్యాదగా అడిగింది.

"మీది విగ్గా ఆంటీ?"