ధరాస్పర్శిని: ఒక మేస్త్రి వాక్యమునకు టీకాతాత్పర్యములు

మూలము. "ముందల స్ప్రింగులు రెండు చుట్లు కోస్తే బండి దిగుతది సారూ, మళ్ల సూస్కునేదే లేదు."

అవతారిక. ఓరుగంటి ప్రతాపరుద్రుని నాయకునిగా జేసి విద్యానాథుడు ప్రతాపరుద్రీయమను అలంకారశాస్త్రమును రచింపగా, మల్లినాథసూరి కుమారుడగు కుమారస్వామి దానికి రత్నాపణమను వ్యాఖ్యను సంతరించెను. ఆ మల్లినాథుడో, మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు ప్రతిన బూనిన మెదకుసీమ పండితుడు. అట్టి సంప్రదాయము గల గడ్డపై బుట్టిన పయి సూత్రము, వ్యాఖ్యాత లేక వరంగల్లు మోటారు షెడ్లలో నూనెగుడ్డల నడుమ బడియుండుట సహింపజాలక ఈ ధరాస్పర్శినికి బూనుకొంటిని. మల్లినాథుని ప్రతినలలో మొదటిదానిని యథాశక్తి పాటింతును. రెండవదానిని పాటించినచో వ్యాసరచన యను వృత్తియే మిగులదు.

సందర్భము. ఇచ్చట బండి యనగా ప్రీమియర్ పద్మిని. 1964లో బొంబాయి కుర్లా కర్మాగారమునుండి ఫియట్ 1100 డిలైట్ అను పేర వెలువడి, 1974 నుండి చిత్తోడు రాణి పేరు దాల్చి, 1089 సీసీల చిన్న ఇంజనుతో, స్టీరింగు ప్రక్కన గేరుకాడతో, ఒకప్పుడు డాక్టరుగారి వాకిటను వకీలుగారి వాకిటను నిలిచి గౌరవమునకు గుర్తుగా నుండిన ఆ వాహనము, ఇప్పుడు మనుమల చేతికి వచ్చినది. తాతకు గుంతలు దాటుటకు పనికివచ్చిన ఎత్తు మనుమనికి కంటిలో నలుసైనది. టైరునకును మడ్గార్డునకును నడుమ పిడికిలి దూరు సందు కనబడిన నాతనికి నిద్రపట్టదు. ఆతడు మేస్త్రి నడుగగా మేస్త్రి సెలవిచ్చినది పయి వాక్యము.

ప్రతిపదార్థము. ముందల = ముందరి చక్రములవద్ద నున్నట్టి (వెనుకవానికి గలవి కమాను పట్టీలు గావున వానికీ విధి ప్రవర్తింపదు); స్ప్రింగులు = ఉక్కుచుట్టలను (ఎడమకు గోసినంత కుడికిని గోయవలెనని బహువచనముచే ధ్వని); రెండు చుట్లు = రెండు వలయములను; కోస్తే = చల్లగ నుండగనే ఛేదించినచో; దిగుతది = భూమికి సమీపించును; సారూ = ఓ యజమానీ (ఖర్చు తనది గాదని సంబోధనచే సూచన); మళ్ల సూస్కునేదే లేదు = ఇది విధి గాదు, అర్థవాదము; స్తుతిగా గ్రహింపవలెనే కాని అక్షరార్థమును నమ్మరాదు.

ఈ సూత్రమునకు అతివ్యాప్తి దోషము గలదు. బండి యని సామాన్యముగా జెప్పుటచే పాత అంబాసడరునకును ఇది వర్తించునని శిష్యుడు భ్రమపడవచ్చును. దానికి ముందు చుట్లే లేవు, మెలితిరుగు ఉక్కుకడ్డీలు గలవు. వానిని విప్పి పండ్లు మార్చి బిగించినచో బండి దిగును, ఱంపముతో పనిలేదు.

తాత్పర్యము. స్ప్రింగునకు శాస్త్రకారుడు రాబర్ట్ హుక్ అను ఆంగ్లేయుడు. ఈతడు తన సూత్రమును 1676లో అక్షరముల క్రమము చెఱచి, చిత్రకవి బంధమును మించిన గూఢముగా ప్రకటించి, రెండేండ్లు లోకమును గోళ్లు గిల్లించి, 1678లో విప్పి చెప్పెను: సాగుడెంతయో బలమంతయని. దీనికి పిదపవారు చేర్చినదేమనగా, చుట్టస్ప్రింగు బిగువు తీగమందము నాలుగవ ఘాతమును, చుట్టువ్యాసము మూడవ ఘాతమును, పనిచేయు చుట్ల సంఖ్యను అనుసరించును. కోత మొదటి రెంటిని తాకదు, మూడవదానినే తగ్గించును. చుట్లు తగ్గినకొలది బిగువు హెచ్చును. కావున మేస్త్రి వాక్యమున వాచ్యము దిగుట, వ్యంగ్యము గట్టిపడుట. నడుమునొప్పి గలవారికి వ్యంగ్యమే ప్రధానము.

లెక్కకై ఊహింపుడు. విప్పి నేలపై నిలిపిన నాడు స్ప్రింగు పొడవు పండ్రెండంగుళములు, చుట్లు ఎనిమిది. బండి బరువు పడగా నాలుగంగుళములు నొక్కుకొని ఎనిమిదంగుళముల యెత్తున నిలిచినది. రెండు చుట్లు కోయగా పొడవు తొమ్మిదంగుళములు. బిగువు మూడవవంతు హెచ్చినందున అదే బరువునకు నాలుగుకు బదులు మూడంగుళములే నొక్కుకొని ఆఱంగుళముల యెత్తున నిలుచును. కోసినది మూడంగుళములు, దిగినది రెండు. ఇంతటితో సంతోషించి లేవబోవు పాఠకుని కూర్చుండబెట్టవలసియున్నది. ఏలయన స్ప్రింగు చక్రముపై గాక, చక్రమును మోయు చేతి నడుమ నెక్కడనో కూర్చుండును. సరిగా సగమున కూర్చున్నదనుకొన్నచో స్ప్రింగువద్ద రెండంగుళములు చక్రమువద్ద నాలుగంగుళములగును. పద్మినీజాతి నాయికకు హంసగమనము లక్షణమని లాక్షణికులు చెప్పుదురు గదా. ఈ కోత పిదప సుబేదారి మొదలు కాజీపేట దాక ప్రతి స్పీడుబ్రేకరు వద్దను ఆ గమనము నాయికకు దానంతట సిద్ధించును. కాకతీయ శిల్పులు రామప్పగుడి పునాది క్రింద ఇసుక పఱచి భూకంపమునే మెత్తబఱచిరి. వారి సీమలోనే కూర్చుండి మనము ఉన్న మెత్తదనమును కోసి పాఱవేయుచున్నామని ఎవరైన నాక్షేపించినచో వ్యాఖ్యాత వద్ద ఉత్తరము లేదు.

పాఠాంతరము. కొన్ని షెడ్లలో "కోస్తే" యనుటకు బదులు "కాలిస్తే" యను పాఠము వినవచ్చుచున్నది. స్ప్రింగును విప్పకయే, బండిక్రింద పడుకొని గ్యాసుమంట జూపగా చుట్లు ఎఱ్ఱబడి కుంగును, బండి దిగును, పని పావుగంటలో ముగియును. ఈ పాఠము ప్రక్షిప్తము, అపపాఠము, సర్వథా త్యాజ్యము. స్ప్రింగునకు ప్రాణము దాని పదును. కర్మాగారమున కాచి చల్లార్చి యిచ్చిన ఆ పదును మంటకు బోవును. ఒకవైపు ఒకలాగున, వేఱొకవైపు వేఱొకలాగున కుంగి, నెలలు గడచినకొలది ఇంకను కుంగుచు, తుదకు విఱిగినను విఱుగును. ఈ పాఠము పఠించు షెడ్డునకు బండి నప్పగింపరాదు.

మంచి మేస్త్రి చేయు పద్ధతి వేఱు. చేతిక్రింద జాకీ నుంచి, ముడుచుకొనియున్న స్ప్రింగును తొందరపడక వదలును. అది ఒక్కుమ్మడి ఎగిరినచో మనిషిని తీసికొనిపోవును. పిదప ఏ కొస చదునుగా రుద్దబడి గిన్నెలో కూర్చుండుచున్నదో చూచి, దానిని విడిచి రెండవ కొసన సుద్దతో గీత గీసి, గ్రైండరు చక్రమును ఒత్తక, నడుమ నడుమ తడిగుడ్డ వేయుచు కోయును. రెండు చుట్లని నోట ననువాడు చేత అరచుట్టే కోయును. బిగించి, బండిని నాలుగడుగులు నడిపించి, కొలిచి, చాలనిచో మరల విప్పును. సూత్రకారుని ఆచారము సూత్రముకంటె ప్రమాణమని మా పక్షము.

శేషము. బండి దిగినపుడు చక్రపు తల సాధారణముగా లోనికి వాలి, టైరు లోపలి అంచు త్వరగా అరుగును గనుక అలైన్‌మెంటు చేయింపవలెను. ముందు వంగిన బండికి హెడ్‌లైట్లు పాదములనే చూచును గనుక వానిని ఎత్తి సరిచేయవలెను. బండిని జాకీపై లేపినపుడు పొట్టి స్ప్రింగు వదులై గిన్నెనుండి జరుగుచున్నదా యని చూడవలెను. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, నమోదైన వివరములు తయారీదారు నిర్దేశమునకు భిన్నమగునట్లు బండిని మార్చరాదనుచున్నది. దీనికి వ్యాఖ్య వ్రాయు అధికారము నాది గాదు, రవాణా కార్యాలయమువారిది.

కనుక ఈ పనికి పూనుకొనువారికి మనవి: బండితో వచ్చిన జతను కోయింపకుడు. పాత సామానుల దుకాణమున వేఱొక జత కొని, దానిని కోయించుకొనుడు. అసలు జతకు గ్రీజు పూసి, గోనెలో చుట్టి, అటకమీద దాచుడు.