కిటికీ పక్క మంచం

యూనివర్సిటీ హాస్టల్లో ఏ గది తలుపు తట్టినా ఈ శాల్తీ తగులుతాడు. నా వాటాకొచ్చినవాడిది కిటికీ పక్క మంచం. మనిషి గదిలో లేకపోయినా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఇదేంట్రా అంటే, "జీన్స్ ఆరాలి కదా మామా" అంటాడు. 75 వాట్ల ఫ్యాను 13 గంటలు తిరిగితే దాదాపు యూనిట్ కరెంటని మనం చెప్పబోతే, ఆ లెక్క తనే కట్టి చూపిస్తాడు. ఎమ్మెస్సీ ఫిజిక్సాయె!

తెలియక చేస్తున్నాడనుకునేరు. పర్యావరణాన్ని పాఠంగా చెప్పి తీరాలని 1991లో సుప్రీంకోర్టు అన్న పుణ్యాన, డిగ్రీలో ఆ పేపరు రాసి పాసైనవాడే. ముందురోజు రాత్రి నలభై పేజీల జిరాక్సు నోట్సు, అదీ ఒకవైపే ప్రింటు, బట్టీపట్టి రాశాడట. పరీక్షయ్యాక ఆ నోట్సు ఏమైందో మెస్ వెనకాల తిరిగే ఆవునడగాలి.

మంచం కింద వార్డెనుకి కనబడకుండా దాచే 1500 వాట్ల హీటర్ రాడ్డు సంగతి నేనెత్తను. ఆ వేణ్ణీళ్లు నేనూ పోసుకున్నాను.

అసలు ప్రతిభంతా బిర్యానీ తెప్పించిన రాత్రి చూడాలి. పెద్ద డబ్బా, సలాన్‌కో చిన్న డబ్బా, రైతాకి ముడేసిన కవరు, ఓ ప్లాస్టిక్ చెంచా. "ఈ చెంచాల మీద 2022 జులై 1 నుంచి నిషేధం ఉందిరా" అన్నాను. "అందుకే మామా, దగ్గర పెట్టుకోకూడదు" అని కిటికీలోంచి విసిరేశాడు. చెత్తబుట్ట వరండా చివరే ఉంది. అర్ధరాత్రి చాయ్ కోసం రెండు కిలోమీటర్లు నడిచేవాడికి అది మాత్రం దూరాభారం.

విసిరినవన్నీ కింది సజ్జ మీద పొరలు పొరలుగా పేరుకున్నాయి. అడుగున ఎవరిదో పుట్టినరోజు కేకు అట్టపెట్టె, దాని మీద ఇంటర్నల్ పరీక్షలనాటి నూడుల్స్ కప్పులు, అన్నిటికీ పైన నిన్నటి రైతా. ఓ కోతి రోజూ వచ్చి, మెతుకులన్నీ ఏరుకు తిని, డబ్బాలు ఓ పక్కకి నెట్టిపోయేది. మా బ్లాకు మొత్తానికి తడి చెత్త, పొడి చెత్త వేరు చేసిన ప్రాణి అదొక్కటే.

ఓరోజు ఆ కోతి రైతా కవరుతో సహా లోపలికొచ్చి, మావాడి ప్రాజెక్టు రికార్డు మీద తీరిగ్గా కూర్చుని, కవరు కొరికి, సగం ఒలకబోసి, ఖాళీది అక్కడే పడేసి పోయింది. మావాడు ఊగిపోయాడు.

"బుద్ధుందా మామా వీటికి! చెత్త ఎక్కడ పడితే అక్కడ పారేయడమేనా?"