పెద్ద నంబరుదే పెత్తనం

నలభై స్విచ్‌లున్న సంస్థలో ఒక్కోదాని దగ్గరికీ వెళ్లి వీల్యాన్‌లు (నెట్‌వర్క్‌ను విడదీసే వాటాలు) కొట్టడం ఎంత నామోషీ! ఉన్నచోట కూర్చుని ఒక్క మాట చెబితే అన్నీ తలూపాలి. ఈ ముచ్చట తీర్చడానికే సిస్కో ఒకప్పుడు ‘కమాండ్ స్విచ్’ అంటూ ఒకదానికి కిరీటం పెట్టింది. దాన్నీ కలుపుకుని 16 స్విచ్‌ల దాకా ఒక క్లస్టర్. చేరినవాటికి ఏలిక పాస్‌వర్డే దక్కుతుంది, బయటికి పోయినా అదే ఉంటుంది. ఇంతవరకు ముచ్చటగానే ఉంది.

అసలు మహత్యం సిస్కోదే అయిన వీటీపీ ప్రోటోకాల్‌ది. ఒక స్విచ్‌లో వీల్యాన్ పట్టిక మారిస్తే, ఆ డొమైన్‌లోనివన్నీ నకలు రాసుకుంటాయి. మార్చిన ప్రతిసారీ రివిజన్ నంబరు పెరుగుతుంది. రెండు పట్టికలకు పొసగకపోతే, పెద్ద నంబరున్నదే నెగ్గుతుంది. ఆ పట్టిక సరైనదేనా, ఆ స్విచ్ ఎక్కణ్ణుంచి ఊడిపడింది అని అడగడం మొదటి రెండు వెర్షన్ల దృష్టిలో అమర్యాద.

మరి ఆ పెద్ద నంబరు ఎవరికుంటుంది? బుద్ధిగా పనిచేసుకునేదానికి ఉండదు, దాని పట్టిక ఏడాదికోసారి మారితే గొప్ప. ల్యాబ్‌లో కుర్రాళ్లు రోజూ కెలికేదానికి ఉంటుంది. ఎన్నిసార్లు కెలికితే అంత సీనియారిటీ! డొమైన్ పేరూ పాస్‌వర్డూ అవే ఉన్న ఆ ల్యాబ్ స్విచ్‌ను, పోర్టులు చాలడం లేదని ఓ శుక్రవారం సాయంత్రం ర్యాక్‌లోకి ఎక్కిస్తారు. ‘రైట్ ఎరేస్ కొట్టేశాను సార్, శుభ్రంగా ఉంది’ అంటాడు కుర్రాడు. కాన్ఫిగ్ శుభ్రమే. ఫ్లాష్‌లో వీల్యాన్.డ్యాట్ అనే ఫైలు మాత్రం పాత పట్టికతో, పాత నంబరుతో నిక్షేపంగా కూర్చుని ఉంటుంది. ట్రంక్ కేబుల్ గుచ్చడమే ఆలస్యం, ఇల్లరికం వచ్చిన అల్లుడు మొదటిరోజే బీరువా తాళాలు లాక్కున్నట్టు, నెట్‌వర్క్ దాని చేతిలోకి పోతుంది. అకౌంట్స్ వీల్యాన్ మాయం, ఫోన్లది మాయం, కెమెరాలది మాయం. కేబుళ్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి, పోర్టులు మాత్రం ఇనాక్టివ్.

‘అది సర్వర్ కాదు, క్లయింట్ మోడే కదా’ అని ధీమాపడేవాళ్లూ ఉన్నారు. నంబరు పెద్దదైతే క్లయింటయినా తుడిచేస్తుంది నాయనా! డొమైన్ పేరు ఒకసారి మార్చి మళ్లీ పెడితే నంబరు సున్నాకొచ్చేది. ఆ రెండు నిమిషాలు ఎవరికీ తీరవు. మూడో వెర్షన్‌లో ప్రైమరీ సర్వర్‌కు తప్ప వేరొకరికి పట్టిక మార్చే హక్కు లేదన్నారు. మనకు తీరికై ఆ వెర్షన్‌కు మారితే కదా!

వీటీపీ కనీసం తెలిసినవాళ్ల కొంపే ముంచుతుంది. సిస్కోదే మరో సదుపాయం, స్మార్ట్ ఇన్‌స్టాల్‌కు ఆ పక్షపాతం కూడా లేదు. ‘డైరెక్టర్’ అనే ఒక స్విచ్, కొత్తగా పెట్టెలోంచి తీసినవాటికి కాన్ఫిగ్ పంపుతుంది. పంపింది డైరెక్టరేనా, దారినపోయే దానయ్యా అని ఆ స్విచ్‌లు అడగవు. టీసీపీ 4786 పోర్టు తెరుచుకుని, చెప్పింది చేస్తాయి. దీన్ని లోకం ఎత్తిచూపితే, 2017లో కంపెనీ ఇచ్చిన వివరణ సారాంశం: ఇది లోపం కాదు, ప్రోటోకాల్ దుర్వినియోగం. తలుపే పెట్టనివాడు దొంగ ప్రవర్తన బాగాలేదంటున్నాడు! మరుసటి ఏడు మార్చిలో నిఖార్సయిన లోపమే బయటపడింది, దానికి ప్యాచ్ ఇచ్చారు. పది రోజులు తిరక్కుండానే, ఏప్రిల్ 6న, ఇరాన్‌లో వేల స్విచ్‌ల కాన్ఫిగ్ చెరిగిపోయి, తెరల మీద అమెరికా జెండా, ‘మా ఎన్నికల జోలికి రావద్దు’ అన్న హెచ్చరిక ప్రత్యక్షమయ్యాయి.

తమాషా ఏమిటంటే, రష్యా గూఢచారులు ఆ 2018 నాటి లోపంలోంచే ఇంకా దూరుతున్నారని 2025 ఆగస్టులో ఎఫ్‌బీఐ హెచ్చరించాల్సి వచ్చింది. స్మార్ట్ ఇన్‌స్టాల్‌ను మూసెయ్యడానికి కమాండ్ ‘నో వీస్టాక్’, రెండే మాటలు. కొట్టమని అడిగి చూడండి, సర్వర్ రూమ్‌లో జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘నడుస్తోంది కదా సార్, ఎందుకు కెలకడం?’