క్యారేజీ విప్పి పరిశోధన చెప్పుకుందాం: ఆరు ఎదురు సలహాలు

ద్వారకలో సెక్టార్ 16సి లో ఇంద్రప్రస్థ విశ్వవిద్యాలయం ఉంది. సెక్టార్ 14లో నేషనల్ లా యూనివర్సిటీ, సెక్టార్ 3లో నేతాజీ సుభాష్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉన్నాయి. మట్టిని పరీక్షించేవాళ్ళు, చట్టం చదివేవాళ్ళు, సర్క్యూట్లు కట్టేవాళ్ళు ఒకే ఉపనగరంలో ఉంటారు. అయినా ఒకరి పని ఒకరికి తెలియదు. మధ్యాహ్నం కలిసి తింటూ పరిశోధన చెప్పుకుంటే ఆ కొరత తీరుతుంది. పని పూర్తయ్యాకే చెప్పు, స్లైడ్లు బాగా చేసుకో, ఐడియా దాచుకో అని సీనియర్లు జాగ్రత్తలు చెబుతారు. సెమినార్ హాల్లో అవి పనికొస్తాయి గానీ భోజనం దగ్గర మాటను బిగించేస్తాయి. ఇక్కడ వాటికి ఎదురు నడవండి.

1. పూర్తికాని పనే తీసుకెళ్ళండి

2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ విద్యార్థి ప్రతి సెమిస్టర్‌లోనూ పరిశోధన సలహా కమిటీ ముందు తన ప్రగతి వివరించాలి. అక్కడ ఎలాగూ అయిన పనే చూపిస్తాం. ఇక కాని పని ఎవరికి చెప్పుకోవాలి? తేలని లెక్కను, పొంతన కుదరని రెండు తీర్పులను, మూడోసారి చేస్తే మారిపోయిన రీడింగును భోజనాల దగ్గరికి తీసుకెళ్ళండి. పూర్తయినదాన్ని చూపిస్తే మెచ్చుకుంటారు. చిక్కుముడిని చూపిస్తే సాయం చేస్తారు.

2. స్లైడ్లు వద్దు

ల్యాప్‌టాప్ తెరవగానే ఎదుటివాళ్ళు ప్రేక్షకులైపోతారు. ఒక్క కాగితం చాలు. దానిమీద ఒక గ్రాఫో, ఒక పట్టికో, ఒక తీర్పులోని పేరానో ఉంటే సరిపోతుంది. పెన్ను కూడా ఇవ్వండి. ఎవరైనా దానిమీద గీత గీశారంటే మాట కుదిరినట్టే.

3. మీ సబ్జెక్టు వాళ్ళ పక్కన కూర్చోకండి

గణిత శాస్త్రవేత్త రిచర్డ్ హామింగ్ బెల్ ల్యాబ్స్‌లో తన శాఖవాళ్ళను వదిలి, మొదట ఫిజిక్స్ వాళ్ళతో, తర్వాత కెమిస్ట్రీ వాళ్ళతో భోంచేసేవాడు. మీ రంగంలో ముఖ్యమైన సమస్యలేమిటని వాళ్ళను అడిగేవాడు. ద్వారకలో ఆ అవకాశం మనకూ ఉంది. పాత ఎలక్ట్రానిక్ సామాను విప్పే చోట మట్టిలో సీసం ఎంతుందో మీరు కొలుస్తున్నారనుకోండి. ఇంజనీరింగ్ మిత్రుడు పరికరాన్ని ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశావని అడుగుతాడు. 2022 ఈ-వేస్ట్ నియమాల కింద బాధ్యత తయారీదారుదా, రీసైకిల్ చేసేవాళ్ళదా అని లా విద్యార్థిని అడుగుతుంది. మీ అధ్యాయంలో ఆ రెండు ప్రశ్నలకూ చోటుండాలి.

4. చిన్నవాళ్ళనే ముందు అడగనివ్వండి

1940లలో కలకత్తాలో సి.ఆర్. రావు పాఠం చెబుతుండగా, పెద్ద శాంపిళ్ళకు వర్తించే ఒక ఫలితం చిన్న శాంపిళ్ళకూ నిలుస్తుందా అని ఒక విద్యార్థి అడిగాడు. రావు గారు ఆ రాత్రి కూర్చుని దాన్ని నిరూపించారు. అదే 1945లో అచ్చయిన పరిశోధనపత్రంలోకి చేరి, నేడు క్రామర్-రావు అసమానతగా ప్రపంచమంతా పాఠ్యాంశమైంది. కాబట్టి మొదటి ఏడాది వాళ్ళు అడిగాకే పెద్దవాళ్ళు నోరు విప్పాలి. సీనియర్ తేల్చేశాక జూనియర్ ఇక అడగడు.

5. వెంటనే సమాధానం చెప్పకండి

వైవాలో తడుముకోకూడదు, నిజమే. ఇక్కడ మాత్రం ప్రశ్న వినగానే సమర్థించుకోకుండా అడిగినవాళ్ళ మాటల్లోనే రాసుకోండి. రెండు రోజులాగి చదివితే, మీరు చెప్పాలనుకున్నది వాళ్ళకు ఎక్కడ అందలేదో తెలుస్తుంది. థీసిస్‌లో తిరగరాయాల్సింది ఆ చోటే. పనికొచ్చిన ప్రశ్న అడిగినవాళ్ళ పేరు కృతజ్ఞతల్లో తప్పక చేర్చండి.

6. ఐడియా దాచకండి, మనుషుల్ని దాచండి

ఐడియా ఎవరైనా ఎత్తుకుపోతారనే భయం సహజం. తిన్నాక అందరికీ నాలుగు వాక్యాల ఈమెయిల్ పంపండి. ఏ ఆలోచన ఎవరిదో, ఏ రోజు చెప్పారో అందులో ఉంటుంది. నిజంగా కాపాడాల్సింది మీకు ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ళ వివరాలు. వాళ్ళ పేరు, వీధి, జబ్బు మీ నమ్మకం మీద చెప్పారు. అవి ఎంత దగ్గరి స్నేహితుల మధ్యా బయటికి రాకూడదు.

ఢిల్లీకి కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలకు ఇంకో మాట. ఇంగ్లీషు తడబడుతుందని వెనక కూర్చోకండి. ముందురోజు గదిలో మీ పని తెలుగులో ఎవరికైనా చెప్పి చూడండి. ఏది దేనివల్ల జరుగుతోందో తెలుగులో చెప్పగలిగితే, మర్నాడు వచ్చీరాని హిందీలోనైనా చెప్పగలరు. అయితే బల్ల దగ్గర తెలుగు రానివాళ్ళు ఒక్కరున్నా అందరికీ తెలిసిన భాషలోకి మారండి.

ఇందుకు హాలు, నిధులు, అనుమతి ఏవీ అక్కర్లేదు. వేరే శాఖ నుంచి ఇద్దరిని పిలవండి. వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి. మొదటి వారం మీ చిక్కుముడితోనే మొదలుపెట్టండి. మీరు ముందు విప్పితే వాళ్ళూ తమది బయటపెడతారు.